అడిగి తెచ్చిన తంగేడు

అనగనగా, దారి తప్పితే తప్ప వాన రాని ఒక సీమ ఉండేది. దాని పేరు రాగికొండ. అక్కడి నేల కొత్త రాగిచెంబులా ఎర్రన. ఆకాశం తోమి బోర్లించిన పళ్లెంలా ఖాళీ. మబ్బులు వచ్చేవి, కొండ మీదనుంచి ఒక్కసారి తొంగిచూసేవి, అవతల ఎవరో పిలిచినట్టు గబగబా వెళ్లిపోయేవి.

ఆ సీమను కంపరాయుడనే రాజు ఏలుతుండేవాడు. మంచివాడే. కాకపోతే పనులెక్కువ, మాటలు తక్కువ. ఆయన ఎంతో దూరాన ఉన్న కాలువల దేశం నుంచి కుముదిని అనే రాజకుమార్తెను పెళ్లాడి తెచ్చుకున్నాడు.

కుముదిని పుట్టిన చోట ఎటు చూసినా నీళ్లే. ఇంటి వెనక కాలువ, కాలువ గట్టున మెత్తటి పచ్చిక. పొద్దు వాలితే చాలు, అక్కచెల్లెళ్లంతా ఆ పచ్చిక మీద చేరి ఒకరి జడ ఒకరు అల్లుకునేవాళ్లు. ఆ కబుర్లకు మొదలూ ఉండేది కాదు, చివరా ఉండేది కాదు.

రాగికొండ కోటలోనూ జడ అల్లడానికి దాసీలున్నారు. ఎంతో నేర్పుగా అల్లేవాళ్లు. కానీ మాట్లాడేవాళ్లు కాదు. "చిత్తం అమ్మా" అనేవాళ్లు, అంతే. ఆ చిత్తం అనే మాట ఎంత నున్నగా ఉండేదంటే, దాన్ని పట్టుకుని ఎవరి దగ్గరికీ వెళ్లడానికి వీలయ్యేది కాదు.

ఒకనాడు రాజు గుర్రమెక్కబోతూ, "దేవీ, దిగులుగా కనిపిస్తున్నావు. నీకేం కావాలో చెప్పు" అన్నాడు.

కుముదినికి చెప్పాలని ఎన్నో ఉన్నాయి. కానీ అప్పటికే ఆయన ఒక కాలు రికాబులో ఉంది. అంత కొంచెం సేపట్లో అక్కచెల్లెళ్ల గురించి ఏం చెప్పగలదు? "ఏమీ లేదు ప్రభూ. మా ఊరి పచ్చిక గుర్తొస్తోంది" అంది.

"ఓస్, అంతేనా!" అన్నాడు రాజు.

నెల తిరిగేసరికి కాలువల దేశం నుంచి నూరు బండ్లు వచ్చాయి. బండినిండా తడిగోనెల్లో చుట్టిన పచ్చిక పలకలు. కోట ముందు నాలుగెకరాల ఎర్రనేలను చదును చేసి, చాపలు పరిచినట్టు ఆ పచ్చికను పరిచారు. రాణిగారి పాదం తప్ప ఇంకో పాదం దాన్ని తాకకూడదని దండోరా వేయించారు. రాజు ఎంతో ప్రేమగా అదంతా చూపించి, "ఇక దిగులు లేదుగా?" అని అడిగాడు.

ఏమంటుంది? "లేదు ప్రభూ" అంది.

మొదటి ఏడు పచ్చిక పచ్చగానే ఉంది. కుముదిని రోజూ పొద్దున్నే చెప్పులు విప్పి ఈ చివరినుంచి ఆ చివరికి నడిచేది. నడక అయిపోయేది. తర్వాత ఏం చెయ్యాలో తోచేది కాదు. ఒక్కతే ఆ నడుమ కూర్చుంటే, నాలుగెకరాల పచ్చదనమూ తనకేసే చూస్తున్నట్టుండేది. లేచి లోపలికి వెళ్లిపోయేది.

దూరంగా ఎక్కడో కిర్రు... కిర్రు... అని ఒక చప్పుడు వినిపిస్తుండేది, తెల్లారింది మొదలు పొద్దుగూకేదాకా.

"అదేం పిట్టే?" అని దాసిని అడిగింది.

దాసి కాస్త తటపటాయించి, "ఏదో పిట్టేనమ్మా" అంది.

"పాపం, దానికీ జత లేనట్టుంది" అనుకుంది కుముదిని. ఆ రోజునుంచి ఆ చప్పుడు వింటే కొంచెం తోడుగా అనిపించేది.

రెండో ఏడు వాన దారి తప్పనే లేదు. మూడో ఏడూ అంతే. పచ్చిక అంచులు ముందు లేత పసుపయ్యాయి, తర్వాత గోధుమ రంగుకు తిరిగాయి. రాజు కలవరపడ్డాడు. దేశదేశాల తోటమాలులకు కబురు పెట్టాడు.

మొదట వచ్చినవాడు కాలువల దేశపు పెద్ద తోటమాలి. తమలపాకు నములుతూ నాలుగు వైపులా తిరిగి చూసి, "గడ్డికి దాహం, మహారాజా. ఇంకో జత ఎడ్లను కట్టించండి" అన్నాడు. ఎడ్లంటే ఏం ఎడ్లో కుముదినికి తెలియలేదు. ఆ మర్నాటినుంచి పిట్ట చప్పుడు మాత్రం రెండింతలైంది. పచ్చిక ఒక నెల కళకళలాడి, మళ్లీ వాడిపోయింది.

ఆ నెలలోనే ఆమె మేడమీది కిటికీలోంచి బండ్లు చూసింది. ఒకదాని వెనక ఒకటి, తూర్పు దారిన వెళుతున్నాయి.

"ఎక్కడికే అంతమంది?"

"తిరునాళ్లకమ్మా" అంది దాసి, నేల చూపులు చూస్తూ.

రెండోసారి వచ్చినవాడు పట్టుతలపాగా మనిషి. "ఏడు రోజులు తెరలు కట్టించండి. ఎవరూ చూడకూడదు. ఎనిమిదో నాడు మీ కళ్లు మీరే నమ్మలేరు" అన్నాడు. ఎనిమిదో నాడు తెరలు తీస్తే పచ్చిక చిలకల గుంపు వాలినట్టుంది! రాజు పొంగిపోయి అతనికి శాలువా కప్పాడు.

కుముదిని సంబరంగా చెప్పులు విప్పి గబగబా నడిచింది. కాళ్లకింద గడ్డి చురుక్కుచురుక్కుమంది. అదేమిటో అనుకుంటూ మేడలోకి వచ్చి, ఎందుకో వెనక్కి తిరిగి చూసింది. తెల్లటి చలువరాతి మీద వరసగా పచ్చటి అడుగులు. తన అడుగులే. అరికాళ్లు చూసుకుంటే ఆకుపసరు.

"ఇదేమిటే?" అంది.

"తమరి పాదాల అదృష్టం అమ్మా, పచ్చదనమే వెంట వచ్చింది" అంది దాసి.

కుముదిని ఆ రాతిమీదే కూలబడి ఏడ్చింది. గడ్డికి పసరు పూసినందుకు కాదు. ఇంత పెద్ద కోటలో తనతో ఒక్క నిజం మాట్లాడే మనిషి లేదే అని.

మర్నాడు పొద్దున ఒక ముసలామె గునపమూ గంపా పట్టుకుని తిన్నగా పచ్చిక మీదికి నడిచి వచ్చింది. నెత్తిన పాతచీర చుట్ట, నోట్లో రెండే పళ్లు. వచ్చీ రాగానే గంప కింద పెట్టి గడ్డిని పెల్లగించడం మొదలుపెట్టింది. కుముదిని పరుగున కిందికి వచ్చింది.

"ఎవరవ్వా నువ్వు?"

"నా పేరు సుంకులమ్మ. తోటపని చేస్తా. సచ్చిన గడ్డి ఎత్తిపొయ్యమని మీ పట్టుతలపాగాయనే పిలిపించినాడు, ఎవురూ చూడకముందే కొత్తది పరుస్తాడంట."

"చచ్చిందా? పసరు పూశారు, అంతే అనుకున్నాను!"

"పీనుగకు పసుపు పూస్తే లేచి కూర్చుంటాదా తల్లీ?"

వెనక నిలబడ్డ దాసి గుండెల మీద చెయ్యి వేసుకుంది. కుముదినికి మాత్రం ఎందుకో నవ్వొచ్చింది. నవ్వి మూడేళ్లయింది కాబట్టి ఆ నవ్వు దగ్గులా వచ్చింది.

"అవ్వా, ఒకటి అడుగుతాను. నిజం చెబుతావా?"

"అబద్ధం చెప్పేదానికి నన్నెవురూ కొలువులో పెట్టుకోలే. అడుగు."

"ఆ బండ్లన్నీ ఏ తిరునాళ్లకు వెళుతున్నాయి?"

సుంకులమ్మ నడుం నిలబెట్టి దారివైపు చూసింది. "తిరునాళ్లకు తిరగలి మోసకపోతారా యాడన్నా? బాగా చూడు."

కుముదిని చూసింది. బండిమీద తిరగలి. దాని పక్కన నులకమంచం, రోకలి, కోళ్లగంప. ఇల్లంతా ఊడ్చి బండికెత్తినట్టుంది.

"ఊరొదిలి పోతాండారు తల్లీ."

"ఎందుకు?"

సుంకులమ్మ గునపం భుజాన వేసుకుని, "రా" అని ముందు నడిచింది. పల్లకీ లేకుండా, గొడుగు లేకుండా కుముదిని ఆమె వెనక నడిచింది. నడుస్తున్నకొద్దీ పిట్ట చప్పుడు దగ్గరైంది. కిర్రు... కిర్రు...

ఊరి నడుమ ఒక దిగుడుబావి. నూటొక్క మెట్లు. గట్టున రెండు కపిలలు, అంటే ఎడ్లు లాగితే పెద్ద తోలుతిత్తితో నీళ్లు పైకొచ్చే ఏర్పాట్లన్నమాట. ఎడ్ల డొక్కలు లెక్కపెట్టొచ్చు, అంతగా చిక్కిపోయాయి. మోకు లాగినప్పుడల్లా కపిల గిలక కిర్రుమంటోంది. మూడేళ్లుగా కుముదినికి తోడున్న పిట్ట అదే.

పైకొచ్చిన నీళ్లు రాతికాలువలో పడి కోటవైపు పారిపోతున్నాయి. గట్టుకు ఒక పక్క ఖాళీ బిందెలతో ఆడవాళ్లు వరసగా కూర్చుని ఉన్నారు.

"వీళ్లెందుకు కూర్చున్నారు?"

"నీ గడ్డి తాగాల, ఆ మీదట మిగిలితే వీళ్లు తాగాల. దినామూ ఇదే తంతు. ఇప్పుడు నీళ్లు తొంభై ఎనిమిదో మెట్టు కాడుండాయి. ఇంక మూడు మెట్లే."

రాణిని చూసి ఆడవాళ్లు లేచి నిలబడ్డారు. ఎవరూ చిత్తం అనలేదు. ఎవరూ ఏమీ అనలేదు. కొంగులు సర్దుకుని పక్కకు జరిగారు, అంతే. ఆ జరగడంలో ఏముందో గాని, కుముదినికి కోటలోని మూడేళ్ల కన్నా ఆ ఒక్క క్షణం బరువుగా అనిపించింది.

ఆమె వెళ్లి ఎడ్ల మెడలమీది కాడి తానే తప్పించింది. తోలేవాడు హడలిపోయి పక్కకు తప్పుకున్నాడు. రెండు కపిలలూ ఆగిపోయాయి. ఊరంతా ఒక్కసారి నిశ్శబ్దం.

కుముదిని కోటకు తిరిగొచ్చేసరికి, సంగతి తెలిసిన రాజు పచ్చిక దగ్గర నిలబడి ఉన్నాడు.

"నీ పుట్టింటి గుర్తు ఎండిపోతుందే!"

"ఎప్పుడో ఎండిపోయింది ప్రభూ, పైనున్నది పసరే. మిగిలింది కూడా ఎండిపోనివ్వండి" అంది కుముదిని. మనసులో నిజంగానే ఏదో తెగుతోంది. "నా గుర్తు కోసం వాళ్ల ఊరే వాళ్లకు గుర్తుగా మిగిలేట్టుంది."

"మరి కోట ముందు ఎర్రదుమ్ము చూస్తూ కూర్చోవాలా?" అన్నాడు రాజు.

"దుమ్మెందుకు సామీ?" అంటూ సుంకులమ్మ గునపంతో పచ్చికను ఎత్తింది. చాపలా లేచి వచ్చింది. కింద వేళ్లు బొటనవేలంత కూడా లేవు. "ఇది పైపైన బతికేది. పొద్దున పోస్తే మాపటికి మళ్లీ అడుగుతాది." తర్వాత కోటగోడ పక్కన ఎవరూ నాటని, ఎవరూ నీళ్లు పొయ్యని ఒక వెంపలి మొక్క చుట్టూ తవ్వింది. మోచేతి లోతు తవ్వింది. భుజం లోతు తవ్వింది. వేరు ఇంకా కిందికే పోతోంది. "ఇదెవుర్నీ అడగదు. కిందికి పోయి దాని నీళ్లు అదే ఎతుక్కుంటాది. ఇట్లాంటివి నాటుకుంటే మొదటి నెల చెంబెడు పోస్తే చాలు, ఆపైన పొమ్మన్నా పోవు."

"అంతేగా!" అన్నాడు రాజు. "రేపు పొద్దుటికి ఇంటికో మొక్క కోటకు చేరాలి!" అని ఆజ్ఞ వేశాడు. భటులు వీధులన్నీ తిరిగారు.

తెల్లారేసరికి కోటవాకిట కొండంత కుప్ప పడింది. తంగేడు, గన్నేరు, గోరింట, వావిలి, ఒకటేమిటి! రాజు మురిసిపోతూ ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. వేరు లేదు. ఇంకొకటి తీశాడు. దానికీ లేదు. కుప్పంతా వెతికినా ఒక్క వేరూ లేదు. ఊరు ఊరంతా కొమ్మలు విరిచి ఇచ్చింది!

"ఎంత పొగరు!" అని రాజు మండిపడ్డాడు.

సుంకులమ్మ రెండు పళ్లూ బయటపెట్టి నవ్వింది. "కోపం వద్దు సామీ. మా సీమలో మొక్క ఇచ్చినామంటే వరస కలిసినట్టే. ఇచ్చినోళ్లు పుట్టింటోళ్లయిపోతారు. మంచికీ చెడ్డకూ ఒకరి గడప ఒకరు తొక్కాల. అందుకే మొక్కను అమ్మరు, కొనరు. కావాల్సినోళ్లే ఒంటిగా వచ్చి, వాకిట్లో నిలబడి అడగాల. బల్లెం పట్టుకొచ్చినోడికి ఏం వరస కలుపుతారు? మామా అంటారా, బావా అంటారా?"

"అయితే కొండకు పోయి తవ్వించుకొస్తాను."

"కొండమీది మొక్క వేరు బండల్లో ఉంటాది. పెరికితే సస్తాది. పెరట్లో మొలిచిన పిలకలే బతికేది."

రాజు తల గోక్కున్నాడు. కోటలు గెలవడం ఆయనకు వచ్చు. ఒకరి వాకిట్లో నిలబడి అడగడం ఎన్నడూ నేర్చుకోలేదు. "ఇది నావల్ల అయ్యే పని కాదు" అని నిజాయితీగానే చెప్పి, సరిహద్దు కోటలు చూసుకోవడానికి వెళ్లిపోయాడు.

ఆయన గుర్రం లేపిన దుమ్ము అణిగేదాకా కుముదిని అక్కడే నిలబడింది. తర్వాత నగలు తీసి పెట్టెలో పెట్టింది. "నేను వెళ్తానవ్వా" అంది.

మొదటి రోజు సాలెవాడకు వెళ్లింది. తిప్పక్క అనే ఆమె వాకిట్లో నాగజెముడు కంచె దట్టంగా ఉంది. కుముదిని గుమ్మం ముందు నిలబడి, "ఒక మొక్క ఇస్తారా?" అని అడిగింది. మూడే మాటలు. అయినా నాలుక తడారిపోయింది.

తిప్పక్క చేటలో జొన్నలు చెరుగుతూ తల ఎత్తనైనా లేదు. "మూడేళ్లు మా నీళ్లు తాగిందే, ఆ గడ్డినే పోయి అడుగు. నీకు అదే కదా చుట్టం!" అని లేచి తలుపు వేసుకుంది. లోపలినుంచి గడియ పడిన చప్పుడు కూడా వినిపించింది.

కుముదిని తిరిగి వచ్చింది. ఆ రోజు ఆమెకు అన్నం సయించలేదు. అయినా ఒకటి అనుకుంది. ఆ తిట్టులో అబద్ధం లేదు.

రెండో రోజు కుమ్మరివాడకు వెళ్లింది. ఓబన్న అనే ముసలి కుమ్మరి ఆగిపోయిన సారె ముందు చేతులు కట్టుకు కూర్చున్నాడు. మట్టి తడపడానికి నీళ్లు లేక సారె తిరిగి ఆరునెలలైంది.

"తాతా, ఒక మొక్క ఇస్తావా?"

"నా దగ్గర మొక్కలేవమ్మా? మట్టి తినేవాడి ఇంట్లో మట్టే ఉంటుంది" అన్నాడు ఓబన్న. కాసేపు ఆమె ముఖం చూసి, లోపలికి వెళ్లి ఒక పాత కుండ తెచ్చాడు. "ఇది చెమ్మ దిగే కుండ. ఎవరూ కొనరు. మొక్క నాటితే పక్కనే దీన్ని మెడదాకా పాతిపెట్టు. ఒకసారి నింపితే వారంరోజులు మెల్లమెల్లగా వేరుకు తడి ఇస్తుంది. ఒక్క చుక్క వృథా పోదు."

"మరి వరస?" అని ఆశగా అడిగింది కుముదిని.

"కుండకు వరస లేదులేమ్మా" అన్నాడు ఓబన్న నవ్వి. "మొక్కకే."

ఆమె ఆ ఖాళీ కుండను చంకన పెట్టుకుని ఇంటికి నడిచింది. వీధిలో వాళ్లు వింతగా చూశారు. రాణిగారి చంకలో కుండ! పక్కన పెట్టడానికి మొక్క మాత్రం లేదు.

మూడో రోజు ఊరి చివరికి వెళ్లింది. అక్కడ ఒక ఇంటిముందు బండి కట్టి ఉంది. బసమ్మ అనే పడుచు ఒక్కతే సామానంతా ఎత్తుకుంటోంది. ఆమె భర్త గొడ్లను తోలుకుని ముందే వెళ్లిపోయాడు. చివరికి తిరగలి మిగిలింది. ఒక్కదానివల్ల అది లేవడం లేదు. కుముదిని కొంగు బిగించి రెండోవైపు పట్టింది. ఇద్దరూ కలిసి దాన్ని బండికెత్తారు. ఎత్తాక గాని బసమ్మ ఆ ముఖం గుర్తుపట్టలేదు.

"అయ్యో, రాణెమ్మా!"

"మొక్క అడగడానికి వచ్చాను" అంది కుముదిని. అని, బండివైపు చూసి, "కానీ నువ్వు వెళ్లిపోతున్నావు" అంది.

వాకిట్లో ఒక తంగేడు నిండా పూసి ఉంది. దాని మొదట్లో జానెడు పిలక. బసమ్మ ఆ చెట్టు పక్కనే చతికిలబడింది. తల ఎత్తి అడిగింది.

"కొత్త ఊళ్లో ఎట్లుంటాదమ్మా? నువ్వు దూరంనుంచి వచ్చినదానివి. నీకు తెలిసుంటాది."

బాగుంటుంది అని చెప్పొచ్చు. కోటలో దాసి అయితే అలాగే చెప్పేది. కుముదిని ఎదురుగా నేలమీద కూర్చుంది.

"పగలు ఫరవాలేదు" అంది. "ఏదో పని ఉంటుంది. పొద్దువాలే వేళే కష్టం. ఎవరో పిలుస్తారని చెవులు వీధివైపే ఉంటాయి. ఎవరూ పిలవరు. నన్ను పేరు పెట్టి పిలిచి మూడేళ్లయింది బసమ్మా. ఒక్కోసారి నా పేరు నేనే పైకి అనుకుంటాను, మరిచిపోతానేమోనని."

బసమ్మ కళ్లనిండా నీళ్లు తిరిగాయి. "ఏంది నీ పేరు?"

"కుముదిని."

"కుము... కుముదినీ..." బసమ్మ రెండుసార్లు అని చూసుకుంది. "నోరు తిరగడంల్యా. అయినా బాగుండాది."

రాణికి ఒళ్లు ఝల్లుమంది. ఆ పేరు తనదేనని, తను ఇంకా ఉన్నానని అప్పుడే తెలిసినట్టయింది.

బసమ్మ వేళ్లతో మన్ను తవ్వి, పిలకను వేరుతో సహా, మట్టిగడ్డతో సహా పైకి తీసింది. "నాకంటే ఒక ఏడో రెండేళ్లో పెద్దదానిలా ఉండావు. అక్కవు. తీసుకో అక్కా" అంది. అంతలోనే నాలుక కరుచుకుంది. "అయ్యో! వరస కలిపి ఊరొదిలి పోతే ఎట్ల?"

కుముదిని తంగేడు పిలకను రెండు చేతులా పట్టుకుని లేచింది. "నాతో ఒకసారి బావిదాకా రా. చూసి, తర్వాత పోవాలనిపిస్తే పో. నేను ఆపను."

ఇద్దరూ బావి దగ్గరికి వెళ్లారు. కపిలలు ఆగి అయిదు రోజులైంది. ఊరంతా తోడుకున్నాక కూడా నీళ్లు తొంభై ఎనిమిదో మెట్టు దగ్గర లేవు, మూడు మెట్లు పైకెక్కాయి. తొంభై అయిదో మెట్టు తడిగా మెరుస్తోంది. బసమ్మ చివరిదాకా దిగి ఆ మెట్టును అరచేత్తో తడిమి చూసింది. మళ్లీ తడిమింది. అక్కడే కూర్చుని ఎంతసేపో ఏడ్చింది.

సాయంత్రానికి తిరగలి బండి దిగింది. ఈసారి దింపడానికి నలుగురు వచ్చారు. భర్తకు కబురు వెళ్లింది.

మర్నాడు కోట ముందు ఎండిన పచ్చికంతా ఎత్తేసి, ఎర్రనేల గుల్లచేసి, మొట్టమొదట ఆ తంగేడు నాటారు. పక్కన ఓబన్న ఇచ్చిన కుండను మెడదాకా పాతారు. బసమ్మ చెంబెడు నీళ్లు పోసింది.

ఆ తర్వాత ఎవరూ పిలవలేదు, ఎవరూ దండోరా వెయ్యలేదు. కుముదిని రోజుకో వీధి తిరిగి అడిగింది. ఒక ఇంట గోరింట, ఒక ఇంట వావిలి, ఒకచోట కలబంద, ఒకచోట రేగు. వడ్రంగి ముసలాయన వేపమొక్క ఇచ్చి "నేను నీకు మామను, నా ముందు కాలు మీద కాలు వేసుకోకూడదు" అని ముందే చెప్పేశాడు. ఓబన్న ఎక్కడినుంచో ఒక గన్నేరు సంపాదించుకొచ్చి, "ఇప్పుడు తాతా అను, వింటాను" అన్నాడు.

అందరికన్నా చివర తిప్పక్క వచ్చింది. చేతిలో నాగజెముడు మట్ట.

"ముళ్లుంటాయి. చూసి పట్టుకో" అంది తిప్పక్క, ఎటో చూస్తూ.

"మీరు నాకు ఏం వరస అవుతారు?" అని భయంభయంగా అడిగింది కుముదిని.

"ముళ్ల మొక్క ఇచ్చినదాన్ని ఏమంటారు? అత్తనంటారు!"

నాలుగెకరాలూ ఒక్కసారి గొల్లున నవ్వాయి. ఆ నవ్వు ఆగాక తిప్పక్కే ముందుగా గునపం అందుకుంది.

నాలుగో ఏడు కూడా వాన సరిగా రాలేదు. అయినా తంగేడు పూసింది. కోట ముందు నేలంతా పసుపు ఆరబోసినట్టు. తేనెటీగలు వచ్చాయి, వాటి వెనక పిట్టలు వచ్చాయి, నిజం పిట్టలు. మొక్కల నడుమ బండరాళ్లు వేసుకుని ఊరివాళ్లు కూర్చునేవాళ్లు. వెళ్లిన బండ్లలో కొన్ని తిరిగొచ్చాయి. కొన్ని రాలేదు. రానివాళ్ల ఇళ్లముందు నడిచేటప్పుడు కుముదిని ఇప్పటికీ తల దించుకునే నడుస్తుంది.

సరిహద్దునుంచి రాజు వచ్చినప్పుడు ఆమె మట్టిచేతులతో పాదు సరిచేస్తోంది. ఆయన గుర్రం దిగాడు. రెండు కాళ్లూ నేలమీద పెట్టాడు. కాసేపు ఏం చెయ్యాలో తెలియక నిలబడి, పట్టుబట్టలతోనే ఆమె పక్కన దుమ్ములో కూర్చున్నాడు. మాటలేవీ దొరకలేదు. ఊరికే కూర్చున్నాడు. పొద్దువాలేదాకా లేవలేదు.

ఒక సంగతి చెప్పడం మరిచాను పిల్లలూ. గడ్డి అంతా ఎత్తేసిన రోజున సుంకులమ్మ ఇంకా ప్రాణమున్న ఒక పిడికెడు పచ్చికను వెతికి తీసి, రాణి ముఖం కడుక్కునే చోట నాటింది. "పుట్టింటిని పూర్తిగా పెరికెయ్యకూడదు తల్లీ. ముఖం కడిగిన నీళ్లు దీనికి చాలు" అంది. కుముదిని ఇప్పటికీ రోజూ ముఖం కడుక్కుని, ఆ నీళ్లు దానికే పోస్తుంది. పోసేటప్పుడు ఒక్కోనాడు కళ్లు చెమరుస్తాయి. అక్కచెల్లెళ్లు గుర్తొస్తారు. దిగులు పోలేదు. నాలుగెకరాల దిగులు పిడికెడు అయింది, అంతే.

అంతలో వీధినుంచి ఎవరో అక్కా అని కేకేస్తారు. ఆమె చేతులు తుడుచుకుని వెళుతుంది.

పదిమంది గొంతులు ఎండబెట్టి పెంచుకున్న పచ్చదనం ఎవరికీ తోడు రాదు. ఉన్న నేలను నమ్మి, నలుగురినీ అడిగి నాటుకున్న మొక్కే మనిషికి తోడు.